నాలుగో నంబరు డబ్బా

మా వంటింట్లో చీమల మందు పెట్టనివ్వను. నా చాదస్తాల జాబితాలో కోడలు దీన్ని మొదట చెబుతుంది. గోడ వారన బారు తీరి చక్కెర డబ్బా మూత సందులోకి దూరే చీమలను చూసి ఆమె చీపురు తెస్తుంది. నేను ఆ డబ్బాను మెల్లగా తీసి నీళ్ల పళ్లెంలో పెడతాను. దారి దొరకక అవి తమంతట తామే మళ్లిపోతాయి.

"చీమలకు గింత మర్యాద ఎవరన్న చేస్తరా మామా?" అంటుంది.

"ఒకసారి సాయం చేసినయిలే" అని ఊరుకుంటాను. ఆ సాయమేమిటో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పోయిన నెల ఒకరు మా ఇంటికి వచ్చి ఒక పూట కూర్చుని వెళ్లారు. అప్పటినుంచి చెప్పాలనిపిస్తున్నది.

నేను కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పనిచేసి దిగిపోయినవాణ్ణి. బడికి వెళ్లే రోజుల నుంచి డైరీ రాసే అలవాటు ఉంది. కవిత్వం, కన్నీళ్లు రాయను. ఏ రోజు ఏం జరిగింది, ఎవరు వచ్చారు, వాన ఎంత పడింది, అంతే. ఇనుప పెట్టెలో ఆ డైరీలన్నీ వరుసగా ఉన్నాయి. వాటిలో ఒక్కదానికే నడుమ మూడు కాగితాలు చిరిగి ఉన్నాయి. చింపింది నేనే.

చేతి ఫోన్లు ఇంకా పల్లెలకు అంతగా రాని కాలం. మా కళాశాల సేవా దళానికి నేను బాధ్యుణ్ణి. ఆ ఏడు పన్నెండుమంది పిల్లలు. ఒకరిది గద్వాల, ఇద్దరిది వనపర్తి, ఒక అమ్మాయిది బిజినేపల్లి, మిగతావాళ్లు నాగర్‌కర్నూల్ చుట్టుపక్కల వాళ్లు. ప్రతి ఏడూ ఏదో ఒక ఊరికి పోయి పది రోజులు ఉండి, మురుగు మోరీలు తీసి, చెట్లు నాటి రావడం మామూలు. ఆ సారి మాకు వచ్చిన ఊరు కొల్లాపూర్ దాటిన తరువాత, కృష్ణ నీళ్లకు దగ్గరలో, గుట్ట మీద ఒక వాడ, గుట్ట కింద రెండు వాడలుగా విడిపోయి ఉంటుంది. వారానికి ఒకసారి దవాఖాన బండి వచ్చి గంటసేపు కింద ఆగేది. బండి వచ్చిందని పై వాడకు తెలిసి, ముసలివాళ్లు దిగి వచ్చేసరికి ధూళి మాత్రం కనిపించేది. డప్పు కొట్టి చాటే పెద్దాయనకు గుట్ట ఎక్కే ఓపిక పోయింది. ఊరివాళ్లు మమ్మల్ని చెట్లు అడగలేదు. "మైకులు పెట్టిపోండ్రి సార్" అన్నారు.

కొనే దారి లేదు. తయారు చేయాలి. నాగర్‌కర్నూల్ బస్టాండు వెనుక సందులో మైకుల దుకాణం చాచా ఉండేవాడు. పెండ్లికైనా, ఉర్సుకైనా, గణపతి పందిరికైనా ఆ చుట్టుపక్కల ఆయన మైకే మోగేది. కాలిపోయిన స్పీకర్ల అయస్కాంతాలు ఒక గోనెసంచి నిండా ఉంచుకున్నాడు. "ఖాళీగ పడున్నయి సార్, తీస్కపోండ్రి. నేను గూడ వస్త" అన్నాడు.

నెల రోజులు సాయంత్రాలు మా ప్రయోగశాలే కార్ఖానా అయింది. సన్నని రాగి తీగను కాగితపు గొట్టం మీద లెక్క తప్పకుండా చుట్టడం చాచా నేర్పాడు. కదిలే పొరకు దవాఖానలో పారేసిన ఎక్స్‌రే ఫిల్ములు తెచ్చాము. ఎవరి ఊపిరితిత్తులో, ఎవరి పక్కటెముకలో తెల్లగా కనిపిస్తుంటే కత్తెర పెట్టడానికి పిల్లలు జంకారు. చాచా నవ్వాడు. "గా ఊపిరే రేపు మాట్లాడ్తది బేటా. కొయ్యి."

వీటన్నిటినీ అతికించడానికి చింతగింజల బంక. వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, నూరి, ఉడికించాలి. ఆ వాసన నాకు కొత్త కాదు. మా చిన్నప్పుడు మా వీధి చివర కురుమలు గొంగళ్లు నేసి, చింతగింజల గంజి పట్టించి, ఎండలో ఆరేసేవాళ్లు. మా నాయనమ్మ గొంగడి ఎన్ని వానలు తడిసినా ఆ వాసన పోలేదు. ఉరుము ఉరిమితే నేను ఉరికిపోయి అందులో దూరేవాణ్ణి. "మెరుపు సూసినవా బిడ్డా? సూసినవంటే నీకేం కాలేదన్నట్టు" అనేది ఆమె. ఆ మాట అర్థమయ్యేది కాదు గాని, ఆ వాసన ముక్కుకు తగిలితే వణుకు తగ్గేది. మా ప్రయోగశాలలో ఆ గిన్నె మీద మూత తీసినప్పుడల్లా నాకు మళ్లీ ఏడేళ్లు వచ్చేవి.

పిల్లలు వేయించిన గింజలు సగం నమిలేసేవాళ్లు. చీమలూ పురుగులూ పట్టకుండా బంకలో కొంచెం మైలుతుత్తం కలపాలని చాచా చెప్పాడు. ఒకరోజు ఆయన నమాజుకు వెళ్లినప్పుడు, గద్వాల కుర్రవాడు తుత్తం బదులు బెల్లం కలిపాడు.

చాచా వచ్చి వేలితో తీసి వాసన చూశాడు. "ఏంది బే ఇది? పాయసమా?"

"కోట గోడలకు సున్నంల బెల్లం నీళ్లు పోసిండ్రంట చాచా. గందుకే ఇంక నిలవడ్డయి."

"మరి నువ్వు కోట కడ్తున్నవా, మైకు కడ్తున్నవా?"

అప్పటికే ఆ బంక ఒక డబ్బాకు పట్టింది. నా డైరీలో ఆ రోజు ఇలా ఉంది: "నం. 4. తుత్తం లేదు. బెల్లం ఉంది. చీమలు పట్టవచ్చు."

డబ్బా అన్నాను. చెప్పవలసింది ఇదే. అయస్కాంతమూ తీగచుట్టా కూర్చోవడానికి గట్టి గిన్నె కావాలి. పిల్లలు తలా ఒక స్టీలు టిఫిన్ డబ్బా ఇంటి నుంచి తెచ్చారు. మంచివి ఆరు ఏరుకున్నాము. మూతకు రంధ్రం చేసి ఎర్ర తీగ, నల్ల తీగ బయటికి తీశాము. రేకుతో చేసిన గొట్టం ఊరిలో బిగించాలి. స్తంభం ఎక్కినవాడు అక్కడే పరీక్షించుకోవడానికి రెండు టార్చి సెల్లులను సైకిల్ ట్యూబు ముక్కతో కట్టి డబ్బాలోనే ఉంచాము. సెల్లుకు తీగలు తాకిస్తే స్పీకరు "టక్" అంటుంది. ఆ ఆలోచన నాది. ఇంకో ఆలోచన కూడా నాదే. ప్రతి డబ్బాలో, ఎక్కడ ఎప్పుడు బిగించాలో చెప్పే ఒక చీటీ. నాలుగో నంబరు చీటీ మీద "స్థలం: పంచాయతీ ఆఫీసు ముందు. సమయం: ఉదయం పది" అని గుండ్రని అక్షరాలతో రాశాను.

దారిలో డబ్బా కనిపిస్తే ముట్టవద్దని బడిలో పిల్లలకు పాఠం చెప్పే రోజులవి. బస్సు సీటు కింద ఎవరిదో సంచి ఉంటే అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. అడవి వైపు ఊళ్లవాళ్లు రోడ్డు వైపునుంచి వచ్చే పోలీసు జీపులకు భయపడేవాళ్లు, రోడ్డు వైపువాళ్లు అడవిలోంచి వచ్చేవాళ్లకు భయపడేవాళ్లు. నడుమ పొలాలున్నవాళ్లకు రెండు భయాలూ ఉండేవి. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా, ఆ డబ్బాలు వేరు, మా డబ్బాలు వేరు అనుకున్నాను.

శిబిరం మొదలై నాలుగో రోజు. బడిలో బస. పొద్దున జొన్నరొట్టె, పుంటికూర. వాకిట్లో చాచా బంక గిన్నె పొయ్యి మీద పెట్టాడు. బిజినేపల్లి అమ్మాయి ముందు రోజు ఇంటికి పోయి వస్తానంటే పంపాను. తిరిగి వచ్చింది. భుజాన పల్లికాయ సంచి ఉంది. మొహంలో రక్తం లేదు.

"సార్, డబ్బ బస్సుల మర్శిన."

"ఏ డబ్బా?"

"నాలుగు నంబరుది. మా అమ్మది సార్ అది. అడగకుంట తెచ్చిన. డబ్బ ఏడుందని రోజూ అడుగుతుంటే, సూపిచ్చి తెద్దమని తీస్కపోయిన. సీటు కింద పెట్టిన. క్రాస్ రోడ్ల సంచి దించుకునే తొందర్ల..."

బస్సు సోమశిల వైపు పోయింది. మళ్లీ తిరిగి వచ్చేటప్పుడు కండక్టరును అడుగుదామనుకున్నాము. రెండు గంటలైనా కాలేదు. పల్లికాయ కొనడానికి మోపెడ్ మీద తిరిగే ఒకాయన బడి ముందు ఆగి, నీళ్లు అడిగి, తాగకుండానే చెప్పాడు.

"బస్సుల బాంబు దొరికిందంట సార్. మూడు మైళ్లవతల ఆపిండ్రు. జనమంత చేన్ల వడి ఉరికిండ్రు. పోలీసులొచ్చిండ్రు. పట్నం నుంచి ఎవరో రావాలెనంట, పొద్దుగూకుతదంటున్నరు."

అమ్మాయి నా చొక్కా చెయ్యి పట్టుకుంది. అంతకు ముందు ఎన్నడూ అంత దగ్గరికి రాలేదు. "డబ్బ మీద పేరుంది సార్" అంది.

మన ఇళ్లలో స్టీలు సామాను మీద పేరు చెక్కించడం మామూలే కదా. చుక్కలు చుక్కలుగా పేరు, ఊరు. ఆ పేరు పట్టుకుని పోలీసులు ఎక్కడికి పోతారో అర్థమయింది. వాళ్ల నాయన పత్తి చేను కౌలుకు చేసుకునే మనిషి. బిడ్డను శిబిరానికి పంపనంటే నేనే ఇంటికి పోయి ఒప్పించాను. "మీ మీద భరోస సార్" అన్నాడు. ఆయన్ని జీపులో ఎక్కిస్తే సాయంత్రానికి వదలవచ్చు, వారానికి వదలవచ్చు. కాని ఆ పిల్ల చదువు ఆ పూటతో సరి. ఎవరూ ముట్టకముందే, ఎవరూ పేరు చదవకముందే ఆ డబ్బా నా చేతికి రావాలి.

డైరీ తీసి సంచిలో పెట్టుకోబోయాను. చాచా నా చెయ్యి పట్టి ఆపాడు.

"దాంట్ల పిల్లల పేర్లున్నయా సార్?"

ఉన్నాయి. పన్నెండుమంది పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్లు, ఎవరు ఏ డబ్బా తెచ్చారో కూడా. పక్క పేజీలో ఊరి పటం, ఆరు గుర్తులు.

"జర ఇయ్యిండ్రి."

రెండు కాగితాలు చింపి ఇచ్చాను. నా చేత్తో డైరీ కాగితం చింపడం అదే మొదలు. చాచా వాటిని బంక గిన్నె కింద మంటలో పెట్టాడు.  గద్వాల కుర్రవాడు, "రెండు కాగితాలు కాలవెట్టిండ్రు, నా పేరు రెండుసార్లు రాసిండ్రా సార్?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

"నేనొస్తే బాగుండదు సార్" అన్నాడు చాచా, తువాలుతో చేతులు తుడుచుకుంటూ. "నా గడ్డం, నా సంచి నిండ వైర్లు. నన్ను సూస్తె ఉన్న బాంబు రెండైతయి." రెండు అడుగులు వేశాక వెనక్కి తిరిగి చూశాడు. "నడువుండ్రి. ఒక్కరే ఎట్ల పోతరు?"

మోపెడ్ ఆయన మమ్మల్నిద్దరినీ వెనుక కూర్చోబెట్టుకున్నాడు. దారి పొడుగునా చేలల్లో పీకిన పల్లిచెట్ల కుప్పలు, ఎండిన ఆకు వాసన. ఒక్క కూలీ లేడు. నా పళ్లు ఒకదానికొకటి తగలకుండా నోట్లో చేతిరుమాలు మూల పెట్టుకున్నాను.

రోడ్డు మీద ఖాళీ బస్సు, తలుపులు తెరిచి ఉన్నాయి. ప్రయాణికులు చాలా దూరంలో గుంపుగా కూర్చున్నారు. కండక్టరు ధైర్యమో తొందరపాటో, తువాలులో పట్టుకుని డబ్బాను తెచ్చి చేను గట్టు మీద పెట్టి ఉరికాడట. ఎండలో అది మెరుస్తూ కనిపిస్తున్నది. పడుచు ఎస్సై ఒకడు, నలుగురు కానిస్టేబుళ్లు. ఎస్సై పెదవులు కూడా నావలాగే ఎండిపోయి ఉన్నాయి.

నేను సంగతి చెప్పాను. స్పీకరు అన్నాను, సేవా దళం అన్నాను, దవాఖాన బండి అన్నాను.

"మీదేనని ఎట్ల తెలుసు?" అన్నాడు.

"నాలుగో నంబరుది సార్. లోపల చీటీ ఉంటది."

"లోపల ఏముంటదో నాకు తెల్వదు, మీకు తెల్వదు. పట్నం నుంచి వచ్చేదాంక ఆగుండ్రి."

"నేను తెస్త సార్."

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "నేను పొమ్మనలేదని రాసియ్యిండ్రి."

డైరీలోంచి మూడో కాగితం చింపి, మోకాలి మీద పెట్టుకుని రాశాను. "నా ఇష్టపూర్వకముగా వెళ్లుచున్నాను." నా అక్షరాలు నాకే ఎవరివో అన్నట్టు కనిపించాయి. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. చాచా అన్నాడు, "చెప్పులు ఇడిశి పోండ్రి సార్, మట్టి పెళ్లల జారుతయి." 

అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయాను. అది నా అలవాటు. నూటయాభై దాటాక గట్టు వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుని మూత మీది చుక్కలు చదివాను.

అది అమ్మాయి నాయన పేరు కాదు. ఆమె ఇంటిపేరు కాదు. ఊరు కల్వకుర్తి.

మాది కాదు.

ఎర్ర తీగ, నల్ల తీగ ఉన్నాయి. కాని ఎర్ర తీగ, నల్ల తీగ ఎవరైనా పెడతారు. మా డబ్బా ఏ సీటు కిందో ఇంకా ఉంది, ఇది వేరే ఎవరో, వేరే పనికి పెట్టినది అనుకున్నాను.   చెమట కళ్లలో పడి మండుతున్నా చెయ్యి ఎత్తి తుడుచుకోవడానికి భయమేసింది, ఆ కదలికకే ఏమైనా అవుతుందేమోనని. ఎంతసేపు అలా ఉన్నానో డైరీలో రాయగలిగినవాణ్ణి కాదు.

అప్పుడు చీమలు కనిపించాయి. గట్టు మట్టిలోంచి ఒక సన్నని ఎర్రటి బారు బయలుదేరి, డబ్బా పక్కగా ఎక్కి, తీగలు బయటికి వచ్చే రంధ్రంలోకి పోతున్నది. ఇంకో బారు బయటికి వస్తున్నది. బయటికి వచ్చే ప్రతి చీమ నోట్లోనూ గోధుమరంగు రవ్వంత ముక్క ఉంది.

తుత్తం లేదు. బెల్లం ఉంది. చీమలు పట్టవచ్చు.

తల దగ్గరికి వంచాను. ఎండకు వేడెక్కిన స్టీలు లోంచి వేయించిన చింతగింజల వాసన, తడిసిన గొంగడి వాసన వచ్చింది. మూత తీశాను. నా గుండ్రని అక్షరాల చీటీ మీద చీమలు పాకుతున్నాయి.

డబ్బాను రెండు చేతులా పట్టుకుని రోడ్డెక్కాను. కానిస్టేబుళ్లు వెనక్కి జరిగారు. తీగలను సెల్లుకు తాకించి చూపాను. "టక్" అన్నది. ఒక కానిస్టేబులు బస్సు చక్రం వెనుక కూర్చుండిపోయాడు. తోటివాడు "లెవ్వురా, బాంబు గాదు, గొంతు సవరిచ్చుకున్నది" అంటే అందరూ కొంచెం ఎక్కువసేపే నవ్వారు.

ఎస్సై నవ్వలేదు. చీటీ చదివాడు, రెండుసార్లు. "గిట్ల రాస్తరా ఎవరన్న?" అన్నాడు. తరువాత మూత మీద వేలు పెట్టాడు.

"గీ పేరు ఎవరిది?"

గట్టు మీద నాకు తట్టని సంగతి అప్పుడు తట్టింది. డబ్బా అమ్మాయి తల్లిది. తల్లికి పెండ్లిలో ఎవరో పెట్టి ఉంటారు. పెట్టినవాళ్ల పేరే కదా చెక్కించేది.

"మా పెండ్లిల పెట్టిండ్రు సార్" అన్నాను. "పెట్టినోళ్ల పేరు అది. ఎవరో యాదికి లేదు."

నా జీవితంలో పోలీసులకు చెప్పిన అబద్ధం అదొక్కటే. ఎస్సై మూత మీదినుంచి వేలు తీశాడు. "మా అమ్మ బిందె మీద గూడ ఎవరిదో పేరుంటది" అన్నాడు. డైరీ అడిగి తీసుకుని తిరగేశాడు. చిరిగిన అంచు దగ్గర ఆగాడు. తన జేబులోని మడత కాగితాన్ని తడిమి చూసుకున్నాడు. డైరీ తిరిగి నా చేతికిచ్చాడు. డబ్బా మాత్రం ఇవ్వలేదు.

బడికి తిరిగి వచ్చేసరికి అమ్మాయి వాకిట్లోనే, సంచి దించకుండా అలాగే నిలబడి ఉంది. "పేరు సదివిండ్రా సార్?" అంది.

"సదివిండ్రు. మీ నాయనది కాదు."

"మా నాయనది ఎందుకైతది సార్, మా అమ్మ మేనమామది" అంటూనే కూలబడి ఏడ్చింది. చాచా ఆమె పక్కన కూర్చుని పల్లికాయ వొలిచి చేతిలో పెడుతూ ఉన్నాడు. చల్లారిన బంక గిన్నెను ఎవరూ ముట్టలేదు.

ఊరిలో అయిదు మైకులే పెట్టాము. ఆరోది లేకపోయినా పై వాడకు వినబడేది. ఆ ఏడుతో సేవా దళం బాధ్యత వదిలేశాను. కారణం అడిగితే ఆరోగ్యం అన్నాను. చాచా ఇప్పుడు లేడు. ఆ దుకాణమున్న సందులో ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు.

పోయిన నెల వచ్చింది ఆ అమ్మాయే. వనపర్తి దగ్గర కరెంటు సబ్‌స్టేషనులో పనిచేస్తున్నది. కణతల దగ్గర తెల్ల వెంట్రుకలు వచ్చాయి. సర్వపిండి చేసి తెచ్చింది. కాసేపు కూర్చున్నాక, "ఆ దినం ఏం రాసిండ్రు సార్? ఒకసారి సూపిస్తరా?" అంది.

పెట్టె తీసి ఇచ్చాను. ఆమె పేజీ వెతుక్కుని గట్టిగా చదివింది. "నం. 4 డబ్బాకు చీమలు పట్టినవి."

పేజీ తిప్పింది. మళ్లీ వెనక్కి తిప్పింది. "గింతేనా సార్?"

"గంతే."

నిజం రాస్తే పేర్లు రాయాలి. నేను చెప్పింది రాస్తే అబద్ధం రాయాలి. ఆ సాయంత్రం రెండూ తీసేసి చూస్తే, రాయడానికి చీమలే మిగిలాయి. ఇది ఆమెకు చెప్పలేదు. చెప్పనక్కరలేకపోయింది. ఆ ఏడాది డైరీ అంతా నెమ్మదిగా తిరగేసింది. పన్నెండుమందిలో ఒక్కరి పేరైనా ఎక్కడా లేదు. చిరిగిన అంచు దగ్గర ఆగి, దాని మీద వేలితో పైనుంచి కిందికి నిమిరింది.

లేచేటప్పుడు అంది, "మా అమ్మ ఇప్పటికీ అడుగుతది సార్, నా డబ్బ ఏమాయెనే అని. ఏం చెప్పాలె?"

"చీమలు ఎత్తుకపోయినయని చెప్పు బిడ్డా" అన్నాను.